కుప్ప పోయింది సరే, కింది నీళ్ల సంగతేంటి?

2025 సెప్టెంబరు 20న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మాచర్ల వచ్చారు. నెలకో ఊళ్లో జరిగే ‘స్వర్ణాంధ్ర – స్వచ్ఛాంధ్ర’ కార్యక్రమం ఆ నెల పల్నాడు వంతు. అంతకు దాదాపు ఏడాది ముందు, 2024 అక్టోబరు 2న, మచిలీపట్నంలో చెత్త పన్ను రద్దు చేస్తామన్నప్పుడే ఆయన ఇంకో మాట కూడా ఇచ్చారు. రాష్ట్రంలోని పట్టణాల్లో పేరుకుపోయిన 85 లక్షల టన్నుల పాత చెత్తను ఏడాదిలో తీయించేస్తామన్నారు. అప్పటి నుంచి సమీక్షల్లోనూ పత్రికల్లోనూ నలుగుతున్నది ఆ అంకె ఒక్కటే. ఎన్ని టన్నులు పోయాయి, ఎన్ని మిగిలాయి, ఏ జిల్లా ముందుంది, ఏది వెనకబడింది.

చెత్త పోవాల్సిందే. అందులో రెండో మాట లేదు. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని గుట్టల మీద ఇప్పటికైనా యంత్రాలు ఎక్కడం మంచి పరిణామమే. అయితే ఆ లెక్కల పట్టికలో ఒక గడి కనిపించడం లేదు. గుట్ట ఇన్నేళ్లు కూర్చున్న నేల ఎలా ఉంది? దాని కింద నీళ్లు ఎలా ఉన్నాయి? చదును చేసి, నాలుగు మొక్కలు నాటి, ఫొటో తీసుకున్నాక ఆ నేలను ఎవరు చూస్తారు, ఎన్నేళ్లు చూస్తారు?

ఈ ప్రశ్న మాచర్లకు, నరసరావుపేటకు ఎంత అవసరమో, దుర్గి లాంటి మండల కేంద్రానికి అంతకన్నా ఎక్కువ అవసరం. మున్సిపాలిటీకి కనీసం ఒక ఇంజినీరు, ఒక కాంట్రాక్టరు, ఒక గడువు ఉన్నాయి. పల్లెకు ఉన్నవి ఒక ట్రాక్టరు, ఒక ‘చెత్త నుంచి సంపద’ షెడ్డు, రోడ్డు వారనో చెరువు గట్టు వెనకో పాడుబడిన క్వారీ గుంతలోనో పెరిగే కుప్ప. పల్లె కుప్ప ఏ లక్షల టన్నుల జాబితాలోకీ ఎక్కదు.

టన్నుల లెక్కే ఎందుకు రాజ్యమేలుతోందో చూస్తే కారణం డబ్బులో కనిపిస్తుంది. 2021 అక్టోబరులో మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్ పట్టణ విభాగం రెండో దశలో పాత డంపుల తొలగింపు పెద్ద పద్దు. దేశంలో దాదాపు 15 వేల ఎకరాల్లో 16 కోట్ల టన్నులు పడి ఉందని అప్పటి అంచనా. కేంద్ర సాయం లెక్క కట్టేది టన్నుకు రూ.550 చొప్పున. కాంట్రాక్టరుకు బిల్లు కూడా తూకం మీదే. లారీ కాటా ఎక్కుతుంది, చీటీ వస్తుంది, బిల్లు కదులుతుంది. నేల కింద నీటికి కాటా లేదు. అందుకే దాని గురించి అడిగేవాళ్లూ లేరు.

పాత చెత్తను తవ్వి వేరు చేసే ఈ పనిని బయోమైనింగ్ అంటారు. అది జరుగుతున్న చోటికి వెళ్లి చూస్తే ఈ పని ఎంత మొరటుదో, అంతలోనే ఎంత నేర్పు కోరేదో అర్థమవుతుంది. పొక్లెయిన్ గుట్టను తవ్వి, చెత్తను పొడవాటి వరుసలుగా పోస్తుంది. వాటి మీద సూక్ష్మజీవుల ద్రావణం చల్లి, కొన్నాళ్లకోసారి తిరగేస్తూ ఆరబెడతారు. పొగలు, వాసన తగ్గి, తడి ఆరాక ట్రామెల్‌లోకి వేస్తారు. ట్రామెల్ అంటే చిల్లులున్న పెద్ద ఇనుప డోలు. అది గిర్రున తిరుగుతుంటే సన్న మట్టి కింద రాలుతుంది, రాళ్లూ పెంకులూ ఒక పక్కకి, తేలికవి ఇంకో పక్కకి పోతాయి. ఆ తేలిక చెత్తలో ఊరి జీవితమంతా ఉంటుంది. చీర పేలికలు, పాల ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు, చెప్పులు, గోనె సంచులు, మిరప తోటలకూ పత్తి చేలకూ కొట్టిన పురుగుమందు డబ్బాలు. ఇరవై ఏళ్ల కిందటి ప్లాస్టిక్ కవరు మీద అక్షరాలు ఇంకా చదవడానికి వస్తాయి.

ఇలా విడదీసిన వాటిలో కాలే సరుకుకు పల్నాడులో గిరాకీ ఉండాలి. 1958 నుంచి సిమెంటు తీస్తున్న కేసీపీ ఫ్యాక్టరీ మాచర్లలోనే ఉంది. దాచేపల్లి వైపు మరికొన్ని సిమెంటు బట్టీలున్నాయి. చెత్త నుంచి ఇంధనం తయారయ్యే చోటికి 100 కిలోమీటర్ల లోపున్న పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం దానితో భర్తీ చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలే చెప్పాయి. ఈ జిల్లాలోనే, యడ్లపాడు మండలం కొండవీడులో, గుంటూరు, విజయవాడల చెత్తతో నడిచే 15 మెగావాట్ల విద్యుత్ ప్లాంటు కూడా ఉంది. కాలేదాన్ని ఎక్కడికి పంపాలన్న బెంగ ఇక్కడ పెద్దగా ఉండకూడదు.

తంటా అంతా కింద రాలిన సన్న మట్టితోనే. పాత కుప్పల్లో బరువు ప్రకారం పెద్ద వాటా దానిదే. నల్లగా, పొడిగా, చూడ్డానికి పశువుల ఎరువులా ఉంటుంది. పొలాల్లో చల్లుకోమని ఇచ్చేస్తే ఖర్చు కలిసొస్తుంది. కానీ కలగలిసిన చెత్తలోంచి వచ్చిన ఈ మట్టిలో సీసం, క్రోమియం, రాగి, జింకు లాంటి లోహాలు, ఉప్పులు, గాజు పెంకులు, కంటికి ఆనని ప్లాస్టిక్ ముక్కలు ఎక్కువగా ఉంటున్నట్లు దేశంలో పలుచోట్ల పరీక్షల్లో తేలింది. పరీక్ష చేయకుండా పొలానికి తోలితే ఒకచోట ఉన్న కాలుష్యాన్ని పది చోట్లకు పంచినట్టే. గుంతలు పూడ్చడానికి వాడినా, ఆ గుంత ఏ బావికి ఎంత దూరంలో ఉందో చూడాలి.

వేగంగా చేయొచ్చని ఇండోర్ చూపించింది. దేవగురాడియాలో 100 ఎకరాల్లో పేరుకున్న సుమారు 13 లక్షల టన్నుల చెత్తను 2018లో గడువు పెట్టుకుని మరీ తీసేశారు. పనంతా బయటి వాళ్లకు అప్పగించేయకుండా నగరపాలక సంస్థే యంత్రాలు అద్దెకు తెచ్చి నడపడంతో ఖర్చు కూడా తక్కువలో తేలింది. దేశమంతా ఆ నమూనా వెంట పడింది. నగరాలు అక్కడి నుంచి వేగాన్ని నేర్చుకున్నాయి. తరవాత ఏళ్ల తరబడి కాపలా కాయడమనే పాఠం మాత్రం ఇంకా ఎవరికీ వంటబట్టలేదు.

పల్నాడులో ఆ కాపలా మరింత గట్టిగా ఉండాలి. కారణం ఈ నేలలోనే ఉంది. దుర్గి పేరు చెబితే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేవి రాతి శిల్పాలు. భౌగోళిక గుర్తింపు కూడా పొందిన కళ అది. ఉలికి లొంగే మెత్తని సున్నపురాయి చుట్టుపక్కల దొరకబట్టే ఆ విద్య ఇక్కడ నిలిచింది. నాగార్జునకొండ శిల్పులు చెక్కిందీ పల్నాటి సున్నపురాయినే. మాచర్ల నాపరాళ్లు, పిడుగురాళ్ల సున్నం బట్టీలు, సిమెంటు ఫ్యాక్టరీలు అన్నీ ఆ రాతి చలవే. ఉలికి లొంగిన రాయి నీటికీ లొంగుతుంది. వాననీటిలోని కొద్దిపాటి ఆమ్లానికి వేల ఏళ్లుగా కరుగుతూ పొరల మధ్య సందులు, పగుళ్లు వెడల్పవుతాయి. ఇసుక నేలలోనో బంకమన్నులోనో మురుగు మెల్లగా వడకట్టుకుంటూ దిగుతుంది. పగుళ్ల రాతిలో అంత నిదానం ఉండదు. దారి దొరికితే వడపోత లేకుండా నేరుగా బోరు దాకా పోగలదు. ఒక బోరులో మంచినీళ్లు, పక్క బోరులో కంపు రావడం ఇలాంటి చోట వింతేమీ కాదు.

కుప్ప మీద పడిన వాన చెత్తలోంచి దిగేటప్పుడు కుళ్లిన రసాన్నంతా కలుపుకొని నల్లగా బయటికొస్తుంది. దీన్నే లీచేట్ అంటారు. అందులో అమ్మోనియా, క్లోరైడు, కరిగిన లోహాలు, ఆక్సిజన్‌ను పీల్చేసే సేంద్రియ పదార్థం ఉంటాయి. గుట్టను ఎత్తేసిన రోజున లీచేట్ పుట్టడం ఆగొచ్చు. అప్పటికే నేలలోకి దిగింది మాత్రం అక్కడే ఉంటుంది. ప్రతి వానకూ ఇంకొంచెం కిందికి, ఇంకొంచెం పక్కకి కదులుతుంది.

నిర్లక్ష్యం చేస్తే ఎంత ఖరీదు పడుతుందో హైదరాబాద్‌ను అడగాలి. ఇప్పటి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని జవహర్‌నగర్‌లో 2000ల ఆరంభం నుంచి నగరం చెత్తంతా పోశారు. అడుగున బంకమట్టి పొర లేదు, షీటు లేదు. కోటి టన్నులకు పైగా పేరుకుంది. లీచేట్ మల్కారం చెరువులోకి చేరింది. చుట్టుపక్కల కాలనీల్లో బోర్ల నీళ్లు పాడయ్యాయి. జనం రోడ్డెక్కారు, కేసులు హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లాయి. చివరికి పాత గుట్ట మీద మట్టి, షీట్లు పరిచి కప్పు వేశారు, గ్యాస్ పోవడానికి గొట్టాలు దించారు. దూరం నుంచి చూస్తే పచ్చని కొండ. అంతటితో అయిపోలేదు. కప్పు పై నుంచి వచ్చే వానను ఆపుతుంది గానీ అడుగున లేని పొరను తెచ్చి పెట్టలేదు. చెరువు శుద్ధికి, లీచేట్ శుద్ధికి కలిపి సుమారు రూ.250 కోట్ల పనులు పెట్టుకోవాల్సి వచ్చింది. లీచేట్ శుద్ధి ప్లాంటును 2023 ఏప్రిల్‌లో అప్పటి మంత్రి కేటీఆర్ ప్రారంభించారు. చెత్త పోయడం మొదలైన ఇరవై ఏళ్లకు అది జరిగింది. మొదట్లోనే అడుగున పొర వేసి, చుట్టూ నాలుగు పరిశీలక బావులు తవ్వి ఉంటే ఖర్చు ఇందులో ఎన్నో వంతు ఉండేది?

క్వారీ గుంతల్లో చెత్త పోసి పూడ్చేసే అలవాటున్న వాళ్లు తెలుసుకోవాల్సిన ఊరు ఇంకొకటుంది. ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో లాస్కో అనే చిన్న ఊరు. అక్కడ పాత మట్టి క్వారీని చెత్తతో నింపి 1982లో మూసేశారు. నాలుగేళ్ల తరవాత, 1986 మార్చి 24 ఉదయం, దగ్గర్లోని ఒక ఇల్లు పేలి నేలమట్టమైంది. ఇంట్లో ముగ్గురూ తీవ్రంగా గాయపడ్డారు. చెత్త కుళ్లి పుట్టిన మీథేన్ రాతి పొరల పగుళ్ల గుండా ప్రయాణించి ఇంటి కింద చేరింది. ఆ రోజు వాతావరణ పీడనం ఉన్నట్టుండి పడిపోవడంతో నేలలోని గ్యాస్ ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. బాయిలర్ మంటకు అంటుకుంది. పై నుంచి చూసేవాళ్లకు అక్కడ ఉన్నది మట్టి కప్పేసిన మామూలు స్థలం. మూసేసిన డంపుల్లో గ్యాస్‌ను కనిపెట్టి ఉండాలన్న నిబంధనలు బ్రిటన్‌లో బిగుసుకున్నది ఆ తరవాతే.

మన దగ్గర నిబంధనలు లేవా అంటే, ఉన్నాయి. మూసేసిన ల్యాండ్‌ఫిల్‌ను కనీసం 15 ఏళ్లు కనిపెట్టి ఉండాలని 2016 నిబంధనలు స్పష్టంగా చెప్పాయి. పైన 60 సెంటీమీటర్ల బంకమట్టి పొర, దాని మీద నీరు జారిపోయే పొర, ఆపైన మొక్కలు పెరగడానికి 45 సెంటీమీటర్ల మట్టి ఉండాలన్నాయి. భూగర్భ జలాన్ని, గ్యాస్‌ను, లీచేట్‌ను పరీక్షిస్తూ పోవాలన్నాయి. ఆ 15 ఏళ్లూ నిండి, పరీక్షలన్నీ ప్రమాణాలకు లోబడి వచ్చాకే అక్కడ ఇళ్ల మాట ఎత్తాలన్నాయి. అమెరికాలో ఈ కాపలా కాలం 30 ఏళ్లు. న్యూయార్క్‌లో 2001లో మూతపడ్డ ఫ్రెష్‌కిల్స్ డంపు ఈనాడు పార్కుగా మారుతోంది. గడ్డి కింద గ్యాస్ గొట్టాలు, లీచేట్ కాలువలు పని చేస్తూనే ఉన్నాయి.

ఇక్కడే ఒక సందు ఉంది. నిబంధన మాట్లాడేది ‘మూసేసిన ల్యాండ్‌ఫిల్’ గురించి. బయోమైనింగ్‌తో ఖాళీ చేసిన స్థలాన్ని అధికారులు ల్యాండ్‌ఫిల్‌గా చూడరు. వాళ్ల దృష్టిలో అది ‘తిరిగి దక్కిన భూమి’. కాబట్టి 15 ఏళ్ల కాపలా దానికి వర్తించదన్నట్టే నడుస్తుంది. ఊరి నడుమ పది ఎకరాలు చేతికొచ్చాయంటే పార్కు, బస్టాండు, ఇళ్ల పట్టాలు అంటూ వెంటనే ప్రతిపాదనలు మొదలవుతాయి. భూమి విలువ గుర్తుకు రావడానికి పట్టినంత సమయం కూడా నీటి పరీక్షకు ఇవ్వరు.

ఇంకో సందు 2025 జులై 24న కేంద్రం తెచ్చిన కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనల్లో ఉంది. కాగితం మీద అవి మంచివే. అనుమానమున్న స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి పంపాలి. తరవాత 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన, మరో 90 రోజుల్లో పూర్తి సర్వే జరగాలి. కాలుష్యానికి కారకులే శుద్ధి ఖర్చు భరించాలి. కానీ చెత్త డంపులకు వేరే చట్టం ఉందంటూ వాటిని ఈ నిబంధనల పరిధి నుంచి తప్పించారు. ప్రమాదకర రసాయనాలు హద్దు దాటి కలిశాయని తేలితేనే మళ్లీ లోపలికి తెస్తారు. తేలాలంటే ఎవరైనా పరీక్ష చేయించాలి. పరీక్ష చేయించే బాధ్యత ఎవరి మీదా లేనప్పుడు తేలేది ఎప్పుడు? పురుగుమందు డబ్బాలు టన్నులకొద్దీ కలిసే మిరప, పత్తి జిల్లాలో ఈ ప్రశ్న ఊహాజనితమేమీ కాదు.

ఈ పని రాష్ట్రానికి కొత్త కూడా కాదు. 2010లో ప్రపంచ బ్యాంకు రుణంతో మొదలైన పారిశ్రామిక కాలుష్య నిర్వహణ ప్రాజెక్టులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి రెండు చోట్లను నమూనాగా ఎంచారు. ఒకటి హైదరాబాద్ కాటేదాన్ దగ్గరి నూర్ మహ్మద్ కుంట. రెండోది కడప మున్సిపల్ చెత్త డంపు. స్థలాన్ని కొలవడం, మట్టి, నీళ్లు పరీక్షించడం, శుద్ధి ప్రణాళిక గీయడం కాలుష్య నియంత్రణ మండలికి అప్పటి నుంచే తెలిసిన విద్య.

ఖర్చు మాట వస్తుంది. పంచాయతీకి కరెంటు బిల్లు కట్టడానికే డబ్బుల్లేవు, నీటి పరీక్షలకు ఎక్కడి నుంచి తెస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. దానికి తోడు పల్నాడుకు ఇంకో చిక్కుంది. ఇక్కడ చాలా మండలాల్లో నీళ్లలో ఫ్లోరైడు ఎప్పటి నుంచో ఉంది. బోరు నీళ్లు బాగాలేవంటే ‘మా దగ్గర అంతే’ అని సరిపెట్టుకోవడం అలవాటైపోయింది. డంపు వల్ల చెడ్డదీ, రాతి వల్ల చెడ్డదీ ఒకే ఖాతాలోకి పోతాయి. ఫ్లోరైడు రాతిలోంచి వస్తుంది. చెత్త ఆనవాళ్లు వేరు. అమ్మోనియా ఉన్నట్టుండి కనిపించడం, క్లోరైడు పెరగడం, మొత్తం కరిగిన లవణాలు (టీడీఎస్) ఎగబాకడం. తాగునీటి ప్రమాణం ప్రకారం క్లోరైడు లీటరుకు 250 మిల్లీగ్రాముల లోపు, అమ్మోనియా 0.5 లోపు ఉండాలి. డంపుకు ఎగువ బావిలో ఒకలా, దిగువ బావిలో ఇంకోలా వస్తే అనుమానం ఎవరి మీదో చెప్పనక్కర్లేదు.

తొలి జల్లెడకు పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. ఆర్వో ప్లాంటు నడిపే ప్రతి కుర్రాడి దగ్గరా టీడీఎస్ మీటరు ఉంటుంది. జలజీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు ఫీల్డ్ టెస్ట్ కిట్లతో క్లోరైడు, నైట్రేటు, ఫ్లోరైడు చూడటం నేర్పాలన్నది ఉన్న పథకమే. పరీక్ష చేసే తీరు తెలిస్తే చాలు. బోరును కాసేపు నడిపి, గొట్టంలో నిలవున్న నీళ్లు పోయాకే సీసా పట్టాలి. సీసాను అదే నీటితో కడిగి, మెడ దాకా నింపి మూత బిగించాలి. మీద తేదీ, బావి నంబరు రాయాలి. ల్యాబుకు పంపేదైతే ఐసు పెట్టెలో పెట్టాలి. లోహాల పరీక్షకు వేరే సీసా కావాలి. సాగర్ కుడి కాలువ ఆయకట్టు ఊళ్లలో ఇంకో జాగ్రత్త అవసరం. కాలువ పారుతున్నప్పుడు ఊట నీరు కలిసి భూగర్భ జలం పలచబడుతుంది, లెక్కలు అందంగా కనిపిస్తాయి. అందుకే కాలువ కట్టేశాక ఒకసారి, వానల తరవాత ఒకసారి, కనీసం ఏడాదికి రెండుసార్లు చూడాలి. కిట్టులో తేడా కనిపించిన నమూనా మాత్రమే కాలుష్య నియంత్రణ మండలి ప్రయోగశాలకు వెళితే ఖర్చు అదుపులోనే ఉంటుంది.

ప్రభుత్వం వెంటనే చేయగలిగినవి నాలుగున్నాయి. యంత్రం దించక ముందే ప్రతి డంపు చుట్టూ నీటిని, మట్టిని పరీక్షించి ఆనాటి స్థితిని నమోదు చేయాలి. అది లేకపోతే తరవాత దేనితో పోల్చాలో తెలియదు. రెండోది, ఖాళీ అయిన స్థలానికి ఎగువన ఒకటి, దిగువన రెండు చొప్పున పరిశీలక బావులు వేసి భూగర్భ జల శాఖ పీజోమీటర్ల జాబితాలో చేర్చాలి. నీటి మట్టాలు కొలిచే వ్యవస్థ ఆ శాఖకు ఎలాగూ ఉంది. మూడోది, ‘తిరిగి దక్కిన భూమి’కి కూడా 15 ఏళ్ల నిబంధన వర్తిస్తుందని ఉత్తర్వు ఇచ్చి, రెవెన్యూ రికార్డులో ఆ సర్వే నంబరు ఎదుట రాయించాలి. పదేళ్ల తరవాత వచ్చే తహసీల్దారుకు ఆ స్థలం చరిత్ర తెలిసేది ఆ రాతతోనే. పట్టా తీసుకోబోయే పేదవాడికి కూడా అది తెలిసే హక్కుంది. నాలుగోది పల్లెల సంగతి. మండలానికి ఎన్ని కుప్పలున్నాయో, ఏది చెరువుకు దగ్గర, ఏది క్వారీ గుంతలో ఉందో జాబితా తయారు చేయించాలి. దుర్గి మండలంలో ఆ పని చేయడానికి ఇంజినీరింగ్ అసిస్టెంట్లు, డిజిటల్ అసిస్టెంట్లు గ్రామ సచివాలయాల్లో ఇప్పటికే ఉన్నారు.

డబ్బు సంగతికొస్తే, తూకం మీద ఇచ్చే బిల్లులోనే దానికి చోటు దొరుకుతుంది. కాంట్రాక్టరు చివరి వాయిదాలో కొంత భాగాన్ని రెండు వానాకాలాల నీటి పరీక్షల ఫలితాలు వచ్చేదాకా ఆపి పెట్టొచ్చు. రోడ్డు కాంట్రాక్టుల్లో నిర్వహణ కాలం పేరుతో ఇలాంటి షరతు ఎప్పటి నుంచో ఉంది. చెత్త కాంట్రాక్టులో పెట్టడానికి అడ్డేమిటో పురపాలక శాఖ చెప్పాలి. 85 లక్షల టన్నుల లెక్క ముగిసిందని ప్రకటించే రోజున, ఏ డంపు కింద నీళ్లలో అమ్మోనియా ఎంత, క్లోరైడు ఎంత అన్న పట్టిక కూడా అదే వేదిక మీద విడుదల చేయాలి.